ఫోర్ వీల్ జీపు ముందు యాక్సిల్ తిరిగి బిగించేటప్పుడు క్రాసులు ఎలా కుదర్చాలి?

ముందు యాక్సిల్ విప్పి సీళ్ళు మార్చారు, కొత్త క్రాసులు (యూనివర్సల్ జాయింట్ మధ్యలో ఉండే ప్లస్ గుర్తు ఆకారపు ముక్కలు) తెచ్చారు, ఇక తిరిగి ఎక్కించడమే మిగిలింది. సరిగ్గా ఈ దశలోనే ఒక అనుమానం పట్టుకుంటుంది. ఈ యూనివర్సల్ జాయింట్లని ఒకదానికొకటి ఏ వరసలో నిలపాలి? ఎడమ చక్రం వైపు యోక్ (క్రాస్‌ని పట్టుకునే పంగ) చెవులు నిలువుగా ఉంటే కుడి వైపువీ నిలువుగానే ఉండాలా? ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్లా ఉన్న క్రాసుల మాటేమిటి? నలుగురు మెకానిక్‌లని అడిగితే నాలుగు రకాలుగా చెబుతారు.

ముందు యాక్సిల్‌కి సంబంధించి క్రాసులు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్ళకి పంచే పెట్టె) నుంచి ముందు డిఫరెన్షియల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో. రెండోది డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్ళే యాక్సిల్ షాఫ్ట్‌లో, స్టీరింగ్‌తో పాటు చక్రం తిరిగే చోట. ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో రెండు చివర్ల యోక్‌లూ ఒకే వరసలో ఉండి తీరాలి. చక్రాల దగ్గర ఆ వరసకి అర్థమే లేదు. అక్కడ చూడాల్సింది క్రాస్ నడిమధ్య బిందువు సరిగ్గా కింగ్ పిన్ల (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం వేటి చుట్టూ తిరుగుతుందో ఆ పై, కింది పిన్నులు) గీత మీద పడిందా లేదా అన్నది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చక్రాల దగ్గర యోక్‌లని నిలువుగా నిలపడానికి గంటసేపు కుస్తీ పడతారు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని మాత్రం చేతికొచ్చినట్టు దోపేస్తారు.

ఇక్కడ రాసేదంతా పాత మహీంద్రా జీపుల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. సీజే రకాలు, ఎంఎం 540, ఫోర్ వీల్ కమాండర్ లాంటివి. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి జనాన్ని ఎక్కించుకుని రాళ్ళ దారిలో ఎక్కే జీపుల బాపతు. ముందు కూడా కమాన్ కట్టలు, మొత్తం ఒకే గొట్టంలా ఉండే హౌసింగ్, చక్రాల దగ్గర స్పైసర్ రకం క్రాసులు ఉండే బండ్లు ఇవి. మారుతి జిప్సీలో ముందు హౌసింగ్ ఇలాగే ఉన్నా, చక్రాల దగ్గర క్రాస్ ఉండదు, లోపల బాల్స్ ఉన్న సీవీ (సమవేగపు) జాయింట్ ఉంటుంది. థార్ సీఆర్‌డీఈ నుంచి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చేసింది కాబట్టి అక్కడా అంతే. మీ బండి అలాంటిదైతే చక్రాల దగ్గరి భాగం వదిలేసి ప్రొపెల్లర్ షాఫ్ట్ భాగం చదవండి.

వరస ఎందుకు ముఖ్యం

క్రాస్ జాయింట్‌కి ఒక గుణం ఉంది. రెండు షాఫ్ట్‌లూ తిన్నగా ఉన్నంతసేపూ బుద్ధిగా తిరుగుతుంది. మధ్యలో కోణం వచ్చిందో, ఇటు నుంచి ఒకే వేగంతో తిప్పినా అటు షాఫ్ట్ ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుని రెండుసార్లు తగ్గించుకుంటుంది. 10 డిగ్రీల కోణంలో ఈ హెచ్చుతగ్గు అటూ ఇటూ ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలకి 6 శాతం దాకా పోతుంది. 30 డిగ్రీలకి ఒక దశలో 13 శాతం నెమ్మదించి, ఇంకో దశలో 15 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది. రాబర్ట్ హుక్ 17వ శతాబ్దంలోనే ఈ నడకని గమనించాడు. దీన్ని మోటారు బండికి పనికొచ్చేలా చేసి 1903లో పేటెంట్ తీసుకున్నవాడు క్లారెన్స్ స్పైసర్. విడిభాగాల షాపులో క్రాస్ పెట్టె మీద కనిపించే పేరు ఆయనదే.

విరుగుడు కూడా అందులోనే ఉంది. షాఫ్ట్ రెండో చివర ఇంకో క్రాస్ పెట్టి, దాని కోణం మొదటిదానితో సమానంగా ఉంచి, షాఫ్ట్ మీది రెండు యోక్‌లూ ఒకే వరసలో నిలిపితే, మొదటి క్రాస్ తెచ్చిన హెచ్చుతగ్గుని రెండోది కొట్టేస్తుంది. మధ్యలో గొట్టం మాత్రం ఎగుడుదిగుడుగా తిరుగుతుంది, పినియన్‌కి (డిఫరెన్షియల్‌ని తిప్పే చిన్న గేరు) చేరేసరికి తిరుగుడు నున్నగా అయిపోతుంది.

యోక్‌లలో ఒకటి 90 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంటే ఏమవుతుంది? కొట్టుకుపోవాల్సినవి కూడుకుంటాయి. ఒకటిన్నర కాస్తా మూడు శాతమవుతుంది. అంత పెద్ద తప్పే అక్కర్లేదు. షాఫ్ట్ మీద యోక్ ముందుకీ వెనక్కీ జారే పళ్ళ భాగాన్ని స్ప్లైన్ అంటారు. స్ప్లైన్‌లో 16 పళ్ళుంటే ఒక పన్ను అంటే 22.5 డిగ్రీలు. ఒక్క పన్ను పక్కకి దోపినా, ఒక క్రాస్ తెచ్చే హెచ్చుతగ్గులో ముప్పావు వంతు తిరిగి వచ్చేస్తుంది. "ఒక్క పన్నే కదా" అని వదిలేస్తే కుదరదన్నమాట.

ఇదంతా ఎంత వేగంతో జరుగుతుందో కూడా చూడండి. పాత జీపు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే చక్రం నిమిషానికి సుమారు 450 చుట్లు తిరుగుతుంది. క్రౌన్ పినియన్ 4.88 రేషియోది అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర దగ్గర 2200 చుట్లు. చుట్టుకి రెండు కుదుపులు. గేర్ లివర్ ఊగడం, ఫుట్‌బోర్డు జివ్వుమనడం, ట్రాన్స్‌ఫర్ కేస్ సీల్ నెలకోసారి కారడం ఇందులోంచే పుడతాయి.

విప్పేటప్పుడే సగం పని

బండిని చదునైన చోట నిలిపి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, హౌసింగ్ కింద జాకీ స్టాండ్లు వేయండి. ఒక్క జాకీని నమ్ముకుని కిందకి దూరకండి. గేర్ న్యూట్రల్‌లో, ట్రాన్స్‌ఫర్ లివర్ టూ వీల్‌లో ఉండాలి. ఫ్రీ వీల్ హబ్బులుంటే (చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్‌తో కలిపే, విడదీసే హబ్బులు) అన్‌లాక్ చేయండి. షాఫ్ట్‌ని చేత్తో తిప్పితే తిరగాలి.

ఒక్క బోల్టు ముట్టుకునే ముందే గుర్తులు వేయాలి. పినియన్ యోక్ మీద, దానికి ఎదురుగా షాఫ్ట్ యోక్ మీద ఒక గీత. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపూ అలాగే. స్లిప్ యోక్ షాఫ్ట్‌లోకి దూరే చోట రెండిటినీ కలుపుతూ ఇంకో గీత. పెయింట్ గీత ఒక్కటే అయితే డీజిల్‌తో కడిగేటప్పుడు పోతుంది, అందుకని పక్కనే సెంటర్ పంచ్‌తో చిన్న చుక్క కొట్టండి. కొన్ని షాఫ్ట్‌ల మీద కంపెనీవాళ్ళే ఎదురెదురు బాణాలు కొట్టి ఇస్తారు. ఏళ్ళ తరబడి పట్టిన మట్టి గీకి చూస్తే కనబడతాయి.

పినియన్ వైపు యూ బోల్టులు విప్పగానే క్రాస్‌కి రెండు కప్పులు (క్రాస్ చేతుల చివర ఉండే సూది బేరింగులు) వదులుగా వేలాడతాయి. వాటిని వెంటనే టేపుతో చుట్టేయండి. కింద పడితే లోపలి సూదులు దుమ్ములో కలుస్తాయి, ఒక్క సూది పోయినా ఆ క్రాస్ పనికిరాదు.

చక్రం వైపు విప్పే వరస తెలిసిందే. హబ్ కేప్, డ్రైవ్ ఫ్లేంజ్ లేదా ఫ్రీ వీల్ హబ్, రెండు లాక్ నట్లు, వాటి మధ్య వాషర్, బేరింగ్, డ్రమ్ము, తర్వాత బ్రేక్ ప్లేటు. ప్లేటుని బ్రేక్ హోస్ మీద వేలాడదీయకుండా తీగతో కమాన్‌కి కట్టండి. స్పిండిల్ (హబ్ బేరింగులు కూర్చునే బోలు ఇరుసు) లాగేశాక యాక్సిల్ షాఫ్ట్, క్రాస్, బయటి స్టబ్ షాఫ్ట్ కలిసి ఒకే ముక్కగా బయటికి వస్తాయి. స్పిండిల్ వెనక థ్రస్ట్ వాషర్ ఉంటే అది ఏ పక్కకి తిరిగి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎడమ, కుడి షాఫ్ట్‌లు ఒకే పొడవు ఉండవు. డిఫరెన్షియల్ ఒక పక్కకి జరిగి ఉంటుంది కాబట్టి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

కింగ్ పిన్లు కూడా విప్పుతుంటే పైన ఉన్న షిమ్‌లు (పల్చటి రేకులు) ఒక కవర్లో, కింద ఉన్నవి ఇంకో కవర్లో పెట్టి పేర్లు రాయండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

పాత క్రాస్ ఉంచాలా, తీయాలా

కప్పు లాగి చూడండి. లోపల ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే నీళ్ళు వెళ్ళాయి, గ్రీజ్ ఎప్పుడో ఎండిపోయింది. క్రాస్ చేతుల మీద గోరుతో గీస్తే సూదుల అచ్చు గాడుల్లా తగులుతోందంటే దాన్ని మార్చాల్సిందే. కప్పులు ఒకటి పాతది, మూడు కొత్తవి అని కలపడం వద్దు.

యోక్ చెవుల్లోని రంధ్రాలు కూడా చూడాలి. పాత కప్పు చెవిలో గిర్రున తిరిగినంత వదులైతే అక్కడ కొత్త క్రాస్ ఎంత మంచిదేసినా నిలవదు. ఈ పరిస్థితిలో కప్పుని చెవికి వెల్డింగ్ చుక్కలు పెట్టి నిలిపేవాళ్ళున్నారు. అడవి మధ్యలో ఆగిపోయి, ఇల్లు చేరడానికైతే సరే. గ్యారేజీలో కూర్చుని చేసే పని మాత్రం కాదది. వెల్డింగ్ వేడికి సూదుల గట్టిదనం పోతుంది, గ్రీజ్ కాలిపోతుంది, తర్వాత క్రాస్ మార్చాలంటే గ్రైండర్ పట్టాలి. యోక్ మార్చుకోవడమే చవక.

క్రాస్ ఎక్కించడం

యోక్ రంధ్రాలు, లాక్ (కప్పు బయటికి రాకుండా ఆపే రింగు) కూర్చునే గాడి శుభ్రంగా గీకండి. గాడిలో పేరుకున్న తుప్పు వల్లే లాక్ సగం కూర్చుని, నెల తర్వాత ఎగిరిపోతుంది. కొత్త కప్పుల్లో సూదులన్నీ నిలువుగా గోడకి అంటుకుని ఉన్నాయో లేదో వెలుగులో చూసి, కాస్త గ్రీజ్ రాసి వాటిని అక్కడే నిలపండి.

క్రాస్‌ని యోక్ మధ్యలో పెట్టి, ఒక కప్పుని వేలితో చెవిలోకి నెట్టి, క్రాస్ చేతిని ఆ కప్పులోకి పైకి లేపండి. అవతలి కప్పుని పెట్టేటప్పుడు క్రాస్ రెండు కప్పుల్లోనూ కొంచెం కొంచెం దూరి ఉండాలి. అప్పుడే సూదులు పడిపోకుండా ఉంటాయి. ఇప్పుడు బెంచ్ వైస్‌లో పెట్టి, రెండు పక్కలా కప్పు కంటే కొంచెం చిన్న సాకెట్లు ఆనించి, మెల్లగా నొక్కండి. క్వార్టర్ చుట్టు తిప్పడం, క్రాస్‌ని చేత్తో ఊపి చూడడం, మళ్ళీ తిప్పడం. ఊగడం ఆగిందంటే లోపల సూది అడ్డం పడింది. అక్కడితో ఆపి కప్పు తీయండి. లాక్ గాడి కనబడడానికి ఇంకో రెండు మిల్లీమీటర్లే ఉంది కదా అని సుత్తితో కొడితే ఆ సూది విరుగుతుంది, కొన్ని వందల కిలోమీటర్లలో క్రాస్ కూడా పోతుంది.

లాకులు పడ్డాక క్రాస్ గట్టిగా అనిపిస్తే యోక్ చెవుల మీద బయటి నుంచి ఇత్తడి సుత్తితో ఒక్కో దెబ్బ వేయండి. కప్పులు వెనక్కి జరిగి లాకుకి ఆనుకుంటాయి, బిగుసు వదులుతుంది. సరిగ్గా కూర్చున్న కొత్త క్రాస్ చేత్తో వంచితే నున్నగా, కొంచెం బరువుగా కదలాలి. తనంతట తాను వాలిపోకూడదు. మధ్యలో ఎక్కడా గాడిలో పడినట్టు తగలకూడదు.

గ్రీజ్ నిప్పిల్ సంగతి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో నిప్పిల్ ఉన్నది తీసుకుని, రెండు క్రాసుల నిప్పిళ్ళూ ఒకే పక్కకి, గొట్టం వైపు చూసేలా పెట్టండి. తర్వాత గ్రీజ్ గన్ పట్టుకుని కింద పడుకున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. చక్రాల దగ్గర మాత్రం నిప్పిల్ లేని సీల్డ్ క్రాస్ దొరికితే అదే మేలు. నిప్పిల్ కోసం చేసిన రంధ్రం క్రాస్‌ని కొంత బలహీనం చేస్తుంది. పైగా ఎక్కించాక అక్కడికి గన్ వెళ్ళే దారే ఉండదు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ వరస చూడడం

ఇక్కడ ఒక గందరగోళం తరచూ వస్తుంది. ఒక వరసలో ఉండాల్సినవి షాఫ్ట్ మీదే ఉన్న రెండు యోక్‌లు. అంటే గొట్టానికి వెల్డింగ్ చేసిన యోక్ ఒకటి, స్ప్లైన్ మీద జారే స్లిప్ యోక్ ఒకటి. పినియన్ మీదున్న యోక్, ట్రాన్స్‌ఫర్ కేస్ మీదున్న యోక్ వాటికి 90 డిగ్రీల్లో అడ్డంగా ఉంటాయి, అది సహజం.

మీ గుర్తులు చెరిగిపోతే, లేదా మీ చేతికి రాకముందే ఎవరో తప్పుగా వేసి ఉంటారన్న అనుమానం ఉంటే ఇలా చూడండి. క్రాసులు ఎక్కించకముందే రెండు యోక్‌ల రంధ్రాల్లోంచి ఒకే మందం ఉన్న తిన్నటి ఇనప కడ్డీలు చెరొకటి దూర్చి, రెండిటినీ రంధ్రం అడుగుకి ఆననివ్వండి. షాఫ్ట్‌ని రెండు చెక్క దిమ్మెల మీద పడుకోబెట్టి, ఒక చివర నుంచి ఒక కన్ను మూసి చూడండి. దగ్గరి కడ్డీ వెనక దూరపు కడ్డీ దాక్కోవాలి. కత్తెరలా కనిపిస్తే స్లిప్ యోక్‌ని బయటికి లాగి, ఒక పన్ను అటో ఇటో మార్చి దోపండి. కంటి మీద నమ్మకం లేకపోతే స్పిరిట్ లెవెల్ వాడండి. ఒక కడ్డీ మీద బుడగ మధ్యకి వచ్చేలా షాఫ్ట్‌ని కదలకుండా బిగించి, రెండో కడ్డీ మీద చూడాలి.

వరస రెండు విధాలుగా కుదురుతుంది, ఎందుకంటే యోక్‌ని 180 డిగ్రీలు తిప్పి దోపినా కడ్డీలు ఒకే గీతలో కనిపిస్తాయి. క్రాసుల లెక్కలో తేడా లేదు గానీ, షాఫ్ట్‌ని ఫ్యాక్టరీలో బ్యాలెన్స్ చేసింది ఒక స్థితిలోనే. గొట్టం మీద అతికించిన చిన్న రేకు ముక్కలు దాని కోసమే. అందుకే పాత గుర్తు ఉంటే దాన్నే పాటించండి.

కొన్ని బండ్లలో తయారీదారులే కావాలని రెండు యోక్‌లని కొంచెం పక్కపక్కగా పెడతారు. షాఫ్ట్ పై నుంచి చూసినా, పక్క నుంచి చూసినా రెండు వైపులా వంకరగా వెళ్ళే చోట ఇలా చేస్తారు. కాబట్టి పూర్తిగా ఒరిజినల్ బండి, ఎప్పుడూ విప్పలేదు, అసలు వణుకు లేదు అంటే, కడ్డీలు కలవకపోయినా వచ్చినట్టే పెట్టండి. పాత జీపులో మాత్రం ఒకే వరస.

రోటవేటర్ నడిపే రైతులకి ఇదంతా వేరే రూపంలో పరిచయమే. ట్రాక్టర్ పీటీఓ షాఫ్ట్ రెండు ముక్కలుగా విడిపోయి, చతురస్రపు గొట్టం ఉన్న రకమైతే, తిరిగి దోపేటప్పుడు 90 డిగ్రీలు తప్పుగా కూడా దూరిపోతుంది. ఆ తర్వాత రోటవేటర్ గడగడలాడి క్రాసులు వరసగా పోతుంటాయి. నిమ్మకాయ ఆకారపు గొట్టంలో ఆ తప్పు చేయడానికే వీలుండదు.

కోణాలు సమానంగా ఉన్నాయా?

వరస కుదిరినా వణుకు పోలేదంటే కోణం వైపు చూడాలి. పైన చెప్పిన విరుగుడు పని చేయాలంటే ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గరి కోణం, పినియన్ దగ్గరి కోణం సమానంగా ఉండాలి. జీపుల్లో దీన్ని పాడుచేసేది ఎక్కువగా మనమే. స్టీరింగ్ కొట్టుకుంటోందని క్యాస్టర్ (కింగ్ పిన్ల గీత వెనక్కి వాలే కోణం) పెంచడానికి కమాన్ కట్టకీ హౌసింగ్‌కీ మధ్య ఇనప ఆప్పు (ఏటవాలు ముక్క) పెడతారు. హౌసింగ్ తిరుగుతుంది, దాంతో పాటు పినియన్ కూడా తిరుగుతుంది. బండి ఎత్తు పెంచడానికి పొడుగు షాకిళ్ళు వేసినా అంతే.

కొలవడం కష్టమేమీ కాదు. బండి నాలుగు చక్రాల మీదా నిలబడి ఉండగా, ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లేంజ్ వాలు, షాఫ్ట్ గొట్టం వాలు, పినియన్ యోక్ వాలు విడివిడిగా చూసి రాసుకోండి. పక్క పక్క అంకెల మధ్య తేడాయే ఆ చోటి క్రాస్ కోణం. రెండు కోణాలూ ఒక డిగ్రీ లోపల కలిస్తే సంతోషం. మూడు నాలుగు డిగ్రీలు తేడా ఉంటే ఆ ఆప్పు తీసి, స్టీరింగ్ కొట్టుకోవడానికి అసలు కారణం కింగ్ పిన్ బేరింగుల్లోనో, టై రాడ్ ఎండ్లలోనో వెతకండి. నా లెక్కలో ఆప్పుతో స్టీరింగ్ జబ్బు నయం చేయడమంటే జబ్బుని ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి బదిలీ చేయడమే.

చక్రాల దగ్గర

ఇప్పుడు అసలు అనుమానానికి వద్దాం. ఎడమ, కుడి క్రాసుల్ని ఒకదానికొకటి కుదర్చాలా? అక్కర్లేదు. స్ప్లైన్ ఎలా దూరితే అలా దూర్చండి.

కారణం డిఫరెన్షియల్. బండి మొదటి మలుపు తిరగగానే బయటి చక్రం ఎక్కువ చుట్లు, లోపలి చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది. మీరు గంటసేపు కష్టపడి నిలిపిన వరస గేటు దాటేలోపే చెదిరిపోతుంది. పైగా తిన్నగా వెళ్ళేటప్పుడు ఇక్కడ కోణం దాదాపు సున్నా. కోణం లేకపోతే హెచ్చుతగ్గు లేదు.

పూర్తిగా స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రం కోణం 30 డిగ్రీల దగ్గరికి పోతుంది, అక్కడ ఒక్కటే క్రాస్ ఉంది, దాని హెచ్చుతగ్గుని కొట్టేసే రెండోది లేదు. ఫోర్ వీల్ వేసి ఇరుకు మలుపులో స్టీరింగ్ చేతిలో తన్నినట్టు అనిపించేది ఇందుకే. ఆ తన్ను చక్రం ఒక చుట్టుకి రెండుసార్లు వస్తుంది. అది ఈ డిజైన్ లక్షణం, మీరు బిగించిన తీరులో లోపం కాదు. యుద్ధకాలపు జీపుల్లో కొన్నిటికి రెప్పా, బెండిక్స్, ట్రాక్టా లాంటి సమవేగపు జాయింట్లు వేసింది దీన్ని తప్పించడానికే. తర్వాతి జీపుల్లో స్పైసర్ క్రాస్ స్థిరపడింది. చవక, గట్టిది, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

ఇక్కడ కుదర్చాల్సింది కేంద్రం. పై కింగ్ పిన్ నుంచి కింది కింగ్ పిన్‌కి ఒక గీత ఊహించుకోండి. చక్రం ఆ గీత చుట్టూ తిరుగుతుంది. క్రాస్ మధ్య బిందువు ఆ గీత మీదే ఉండాలి. లేకపోతే స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ స్టబ్ షాఫ్ట్ పక్కకి నెట్టబడుతుంది. క్రాస్ 2 మిల్లీమీటర్లు బయటికి ఉంటే, 30 డిగ్రీల మలుపులో షాఫ్ట్ స్పిండిల్‌లో 1 మిల్లీమీటరు పక్కకి పోవాలని చూస్తుంది. అక్కడ అంత చోటు లేదు. ఆ బలమంతా స్పిండిల్‌లోని కంచు బుష్ మీద, హౌసింగ్ లోపలి ఆయిల్ సీల్ మీద పడుతుంది. సీలు మార్చి మార్చి విసిగిపోయిన బండ్లలో ఇదొకసారి చూడండి.

కేంద్రం తప్పడానికి కారణాలు మూడు కనిపిస్తాయి. థ్రస్ట్ వాషర్ వేయడం మరిచిపోవడం లేదా తిరగేసి వేయడం, దాంతో షాఫ్ట్ లోపలికో బయటికో జరిగి అక్కడే లాక్ అయిపోతుంది. బుష్ అరిగి స్టబ్ షాఫ్ట్ కిందకి వాలడం. మూడోది కింగ్ పిన్ షిమ్‌లు. బేరింగ్ బిగువు సరిచేయడానికి పైన ఒక్కచోటే షిమ్‌లు తీసేస్తే బిగువు వస్తుంది గానీ, నక్కిల్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే, స్పిండిల్‌ని మోసే భాగం) తన ఎత్తు నుంచి జరిగి, స్టబ్ షాఫ్ట్ కేంద్రం యాక్సిల్ షాఫ్ట్ కేంద్రంతో తప్పిపోతుంది. పైనా కిందా సమాన మందం ఉండాలి. తీసినా వేసినా రెండు చోట్లా సమానంగా చేయండి. షిమ్‌లని వేరు వేరు కవర్లలో పెట్టమన్నది దీనికే.

ఎక్కించేటప్పుడు షాఫ్ట్ బరువు లోపలి సీల్ పెదవి మీద పడనీయకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకోండి. పళ్ళకి గ్రీజ్ రాసి, డిఫరెన్షియల్ గేరుకి తగిలాక మెల్లగా తిప్పుతూ నెడితే దానంతటదే లోపలికి జారుతుంది. సుత్తి పని లేదు.

గుండ్రటి బంతిలా మూసి ఉండే నక్కిల్ అయితే లోపల గ్రీజ్ నింపాలి. గట్టి బేరింగ్ గ్రీజ్ ఒక్కటే కుక్కితే క్రాస్ తిరిగేసరికి అది గోడలకి అతుక్కుని, క్రాస్ పొడిగా మిగులుతుంది. గ్రీజ్‌లో 140 గేర్ ఆయిల్ కలిపి జావలా చేసి వేయడం పాత అలవాటు, మంచి అలవాటే.

స్పిండిల్, బ్రేక్ ప్లేటు బిగించాక, హబ్ ఎక్కించకముందే ఒక పరీక్ష చేయండి. స్టీరింగ్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎవరితోనైనా తిప్పిస్తూ మీరు స్టబ్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. ఎడమ చివర, కుడి చివర ఒకే బరువుతో తిరగాలి. ఒక చివర బిగుసుకుంటే కేంద్రం తప్పింది, లేదా యోక్ చెవులు ఒకదానికొకటి తగులుతున్నాయి. చెవులు తగులుతుంటే నక్కిల్ స్టాపర్ బోల్టు చూడండి. ఇరుకు సందుల్లో బండి త్వరగా తిరగాలని ఎవరో దాన్ని లోపలికి తిప్పేసి ఉంటారు. దాన్ని పాత చోటికి తెచ్చి లాక్ నట్ బిగించాలి, లేకపోతే ఫోర్ వీల్‌లో పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కిన రోజు యోక్ విరుగుతుంది.

చక్రం బేరింగ్ బిగింపు: హబ్‌ని తిప్పుతూ లోపలి నట్ బరువు తగిలే దాకా బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి వదిలి, వాషర్ వేసి, బయటి నట్ బిగించి, వాషర్ అంచు మడవండి.

చివరి బిగింపు, పరీక్ష

ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని బండి చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించండి. అప్పుడు స్లిప్ యోక్ తన దారిలో దాదాపు మధ్యలో ఉండాలి, లోపలికి పూర్తిగా కూరుకుపోకూడదు, పళ్ళు బయటికి తేలకూడదు. యూ బోల్టుల కింద కప్పులు యోక్ అంచుల మధ్య సరిగ్గా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూసి, నాలుగు నట్లూ మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించండి. బలమున్న కొద్దీ బిగిస్తే పల్చటి కప్పు నలిగి సూదులు పట్టేస్తాయి.

ఇంజిన్ నడుస్తుండగా కింద పడుకుని షాఫ్ట్ చూడడం మాత్రం చేయొద్దు. చున్నీ, లుంగీ, వదులు చొక్కా ఏదైనా చాలు, షాఫ్ట్ లాగేసుకుంటుంది.

రోడ్డు మీద పరీక్షకి ఫ్రీ వీల్ హబ్బులు భలే ఉపయోగపడతాయి. మొదట హబ్బులు అన్‌లాక్ చేసి, టూ వీల్‌లో తారు రోడ్డు మీద నడపండి. ముందు షాఫ్ట్‌లేవీ తిరగవు. ఇప్పుడు వణుకు ఉంటే అది వెనక లైనుదో, టైర్లదో. తర్వాత హబ్బులు లాక్ చేసి, లివర్ టూ వీల్‌లోనే ఉంచి అదే వేగంతో వెళ్ళండి. ఇప్పుడు చక్రాలే ముందు యాక్సిల్‌ని, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని తిప్పుతాయి. కొత్తగా వణుకు వచ్చి, వేగంతో పెరుగుతుంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ వరసో, కోణమో, బ్యాలెన్సో చూసుకోవాలి. యాక్సిలరేటర్ వదిలి తొక్కినప్పుడల్లా టంగుమంటే స్ప్లైన్ అరుగుదల లేదా వదులు క్రాస్. మలుపులో మాత్రమే టిక్ టిక్ మంటే చక్రం దగ్గరి క్రాస్.

ఫోర్ వీల్ వేసి చూడడం మట్టి నేల మీదే. ఈ జీపుల్లో ముందు వెనక యాక్సిళ్ళ మధ్య డిఫరెన్షియల్ లేదు, తారు రోడ్డు మీద మలుపు తిరిగితే లైనంతా మెలిపడి బిగుసుకుంటుంది. ఇప్పుడే వేసిన క్రాసుల మీద ఆ భారం ఎందుకు? మట్టిలో ఎడమకీ కుడికీ ఎనిమిది ఆకారంలో నెమ్మదిగా తిప్పి, ఆగి, హబ్బులు చేత్తో ముట్టుకోండి. ఒకటి మరీ వేడిగా ఉంటే ఆ పక్క బేరింగ్ ఎక్కువ బిగిసింది.

వారం పది రోజులు తిరిగాక యూ బోల్టులకి ఒకసారి స్పానర్ పెట్టి చూసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ నిప్పిళ్ళకి గ్రీజ్ కొట్టండి, నాలుగు కప్పుల సీళ్ళ నుంచీ కొత్త గ్రీజ్ బయటికి వచ్చేదాకా. మూడింటి నుంచే వచ్చి నాలుగోది పొడిగా ఉంటే యూ బోల్టులు వదులు చేసి, క్రాస్‌ని ఆ పక్కకి నెట్టి మళ్ళీ కొట్టండి. వాగులు దాటే బండైతే దాటిన ప్రతిసారీ ఈ పని చేయాల్సిందే.